ఎడమ వైపుకి పోయిన పాట

నూకరాజు చెయ్యి అతని నోటికంటే ముందు మాట్లాడుతుంది. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటే పంటు ఎక్కేవాళ్ళని ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు, చెప్పి ఒకసారి వెనక్కి చూసుకుంటారు. మైకు సెట్టు అద్దెకిచ్చే మనిషి కాబట్టి అందరూ సౌండు నూకరాజు అంటారు. ఆ సౌండు బాక్సులదా, అతని అరచేతిదా అన్నది ఎవరి అనుభవాన్ని బట్టి వాళ్ళు తేల్చుకోవాలి. యాభై దాటిన మనిషి. పొట్టివాడు. బాక్సులు మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయింది.

పన్నెండో ఏట కొత్తపేటలో ఒక మైకు సెట్టు ఓనరు దగ్గర పనికి చేరాడు. ఆ ఓనరు వైరు ముక్కతో కొట్టి పని నేర్పేవాడు. ప్లస్సు మైనస్సు తిరగేస్తే వీపు మీద ఒకటి, రికార్డు మీద ముల్లు గట్టిగా దించితే రెండు. పదేళ్ళు తిన్నాడు ఆ దెబ్బలు. ఓనరు పోయినప్పుడు మాత్రం పాడె మోసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఆయన కొట్టబట్టే నేను పనోణ్ణయ్యేనండి" అని ఇప్పటికీ చెప్పుకుంటాడు, ఆ మాటలో అతనికి ఏ లోపమూ కనపడదు.

తరవాత సొంత సెట్టు కొన్నాడు, సొంతంగా కొట్టడమూ మొదలుపెట్టాడు. ఆలమూరు దగ్గర ఒక పెళ్ళిలో, పాట మార్చమని భుజం మీద చెయ్యేసిన కుర్రాణ్ణి మైకు స్టాండుతో కొడితే వాడి ముందు పళ్ళు రెండూ తాంబూలం పళ్ళెంలో పడ్డాయి. కపిలేశ్వరపురం అవతల ఒక లంకలో అయిదుగురు కలిసి అతన్నే పట్టుకుని గోదాట్లో ముంచారు. తేలి వచ్చి అందులో ఒకడి బొటనవేలు కొరికాడు, పోలీసులు వచ్చేదాకా వదల్లేదు. ఇవన్నీ నవ్వుతూ చెబుతాడు. చెప్పనిది ఒక్కటే ఉంది, అది అతని ఇంట్లోనే ఉంది.

అది అర్థం కావాలంటే ముందు ఈ పనిలో ఉన్న ఒక కట్టుబాటు చెప్పాలి. పాట ఎలాంటిదైనా సరే, వైర్లన్నీ ఒక్కటిగా ముడేసి అన్ని బాక్సుల్లోనూ ఒకటే వినపడేలా చెయ్యాలి. అమ్మవారి జాతరలో సెట్టు ట్రాక్టరు మీద కదులుతుంటే కుడి వైపు ఇళ్ళూ ఎడమ వైపు ఇళ్ళూ సమానంగా వినాలి. కమిటీ వాళ్ళు ట్రాక్టరుకి అటొకరు ఇటొకరు నడిచి చూసుకుంటారు. ఒక వైపు తగ్గిందంటే ఆ వైపు వాళ్ళకి అవమానం. భోజనాల్లో ఒక పంక్తికి బూరెలు వడ్డించి ఎదుటి పంక్తికి మానేస్తే ఎంత గొడవో, ఇదీ అంతే.

మూడేళ్ళ కిందట, రాజోలు పక్క ఒక లంక ఊళ్ళో జాతరకి, నూకరాజు కొడుకు బుజ్జిబాబు ఈ కట్టుబాటు తప్పాడు. అప్పుడు వాడికి పంతొమ్మిదేళ్ళు. తండ్రికి చెప్పకుండా ముడి విప్పేసి, ట్రాక్టరుకి కుడి వైపు బాక్సులు ఒక దారిన, ఎడమ వైపు బాక్సులు ఇంకో దారిన కలిపాడు. ఊరేగింపు బయల్దేరింది. తూర్పు వరస ఇళ్ళకి అమ్మవారి పాట, పాడే ఆవిడ గొంతు, అంతా వినపడింది. పడమటి వరసకి వట్టి డోలు. నాలుగిళ్ళు దాటేసరికి పడమటి వరస పెద్ద ఒకాయన ట్రాక్టరుకి అడ్డం నిలబడ్డాడు.

"ఏవయ్యా, అమ్మవారి పాట మాకక్కర్లేదా? మేం జనం కామా?"

"మీ మొహాలకి డోలు చాల్లే," అన్నారు తూర్పు వరసలోంచి ఎవరో.

అంతే. ముందు చెప్పు లేచింది, తరవాత కర్ర, ఆ తరవాత పందిరికి కట్టిన ట్యూబులైట్లు ఊడబీకి తలల మీద పగలగొట్టుకున్నారు. ఒకాయన దవడ ఎముక విరిగింది. అమ్మవారి గరగ కుండ నెత్తికెత్తుకున్న మనిషి గరగతో సహా పక్క డొంకలోకి పరిగెత్తాడు. ఆంప్లిఫైయరు కాలవలో పడింది. దాన్ని ఆపబోయిన నూకరాజుకి కనుబొమ మీద ఇటుకముక్క తగిలి ఒక కంట్లోకి నెత్తురు దిగింది. ఆ నెత్తురు కంటితోనే వెతుక్కుంటూ ట్రాక్టరు వెనక నక్కిన కొడుకుని పట్టుకున్నాడు.

"ఏం చేసేవురా?"

"స్టీరియో నాన్నా," అన్నాడు బుజ్జిబాబు. వణుకుతున్నాడు. అయినా వాడి మొహంలో ఇంకా సంబరం ఉంది. "అటొకటి ఇటొకటి వస్తాది. నువ్వొకసారి మధ్యలో నుంచుని..."

మాట పూర్తవలేదు. నూకరాజు కుడి చెయ్యి, బాక్సులు మోసిన చెయ్యి, వాడి ఎడమ చెవి మీద పడింది. కుర్రాడు ట్రాక్టరు చక్రానికి కొట్టుకుని కింద కూలబడ్డాడు. చెవిలోంచి సన్నగా నెత్తురు వచ్చింది.

ఒక్క చెంపదెబ్బకి చెవి పోతుందా అన్నాడు నూకరాజు. ఇంటికొచ్చి వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరినూనె తనే గోరువెచ్చగా ఆ చెవిలో పోశాడు, మూడు రోజులు పోశాడు. అయిదో రోజుకి చీము పట్టింది. అమలాపురంలో డాక్టరు చూసి, చిరిగిన చెవిలో నూనె పోసిన మహానుభావుడెవరని అడిగాడు. రెండు ఆపరేషన్లయ్యాయి. ఆ చెవి ఇక వినపడదని తేల్చి చెప్పి పంపేశారు.

ఆ రోజు నుంచి బుజ్జిబాబు తండ్రితో మాట్లాడలేదు. ఇల్లు వదిలి పోలేదు, అదే ఇంట్లో ఉంటాడు. రాజోలులో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పని. పొద్దున్నే బండి మీద వెళ్తాడు, తండ్రి లేనప్పుడు తింటాడు. తండ్రి ఏదన్నా అంటే మొహం తిప్పుకోడు, ఎడమ చెవి ఇటు పెట్టి కూర్చుంటాడు. ఆ చచ్చిన చెవితో నూకరాజు మూడేళ్ళుగా మాట్లాడుతున్నాడు. తిట్టాడు, బతిమాలాడు, ఒకసారి కంచం విసిరాడు. కొడుకు నోటి వెంట ఒక్క మాట రాలేదు. నూకరాజుకి ఈ లోకంలో ఇంకేం అక్కర్లేదు, వాడు 'నాన్నా' అనక్కర్లేదు, 'ఛీ' అన్నా చాలు.

అలాగని తప్పు చేశానని అనుకున్నాడా అంటే, లేదు. ఊరికి ఊరే కొట్టుకు చస్తే ఒక దెబ్బ కొట్టాడు, అంతేగా. చెవులు రెండున్నాయి, ఒకటి పోయింది, ఒకటి ఉంది. ఉన్నదాంతో అంతా వినపడుతోంది కదా. ఫోన్లు బాగుచేస్తున్నాడు, బండి నడుపుతున్నాడు. ఏం తక్కువైందని ఈ మౌనవ్రతం అని భార్య వీరవేణి దగ్గర రంకెలు వేసేవాడు.

"ఏం తక్కువైందో వాడికి తెలుసు. నీకు తెలిసిన్నాడు మాట్లాడతాడు," అనేది వీరవేణి, చేపలు తోముతూ తలెత్తకుండా. ఆవిడ కూడా అతనితో మాట్లాడేది ఇంచుమించు అంతే.

ఈ ఏడాది వైశాఖంలో రాజోలు నుంచి ఒక పెద్దమనిషి ఆటోలో వచ్చాడు. సుబ్రహ్మణ్యేశ్వరరావు అని, గ్యాసు బావులు తవ్వే చోట ఇంజనీరుగా చేసి రిటైరైనాయన. ఒళ్ళో చంటిపిల్లని పట్టుకున్నట్టు పాత రికార్డు ప్లేయరు పట్టుకుని దిగాడు.

"బెల్టు తెగిపోయిందండి. ఈ కోనసీమ మొత్తం మీద దీన్ని విప్పగలిగినవారు మీరొక్కరేనని చెప్పేరు."

"ఆయ్, ఇప్పుతానండి. వాయించడానికి రికార్డేదన్నా ఉందాండి?"

ఇంజనీరుగారు సంచీలోంచి ఒక రికార్డు తీశాడు. ఎప్పుడో బొంబాయిలో కుర్రతనంలో కొన్నదట. అట్ట మీద నల్లటి కొండ, కొండ నడుమ ఒక తలుపు, తలుపు ముందు ఒక కుర్చీ. మనిషి లేడు. ఇంగ్లీషు అక్షరాలు పాముల్లా మెలికలు తిరిగి ఉన్నాయి, పేరు చదవబోయి నూకరాజు మానేశాడు.

"ఒక పక్కంతా ఒకటే పాటండి. ఇరవై మూడు నిమిషాలు. మా ఆవిడ ఊరెళ్ళినప్పుడల్లా వినేవాణ్ణి."

నూకరాజు నవ్వాపుకోలేకపోయాడు. "ఇరవై మూడు నిమిషాలంటే పెళ్ళిలో ఒక పంక్తి తిని, చెయ్యి కడుక్కుని, కిళ్ళీ నవిలి పోతారండి. ఇంతకీ పాడేవాడు ఆపడం మర్చిపోయేడాండి?"

"వినండి, మీకే తెలుస్తుంది," అన్నాడాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా. సంచీలోంచి హెడ్‌ఫోన్లు కూడా తీశాడు. కొబ్బరిచిప్పలంత ఉన్నాయి, ఇనుప బద్దీ, రెండు చిప్పలకీ విడివిడిగా రెండు వైర్లు. "దీనితో వినాలండి. ఒక్క మాట, ఏవీ అనుకోకండి. మీ మైకు సెట్టుల అలవాటులో రెండు వైర్లూ ముడేసెయ్యకండి. రెండూ వేరువేరుగా ఉండాలి."

ఆ మాటతో నూకరాజు నవ్వు పోయింది. నలభై ఏళ్ళ పనివాడికి వైరు కలపడం నేర్పుతున్నాడు, గ్యాసు బావుల ముసలాయన. అరచెయ్యి జిలపెట్టింది. పెద్దమనిషి కాబట్టి, ఇంటికి వచ్చిన మనిషి కాబట్టి ఆగాడు. ఆదివారం సాయంత్రం తీసుకెళ్ళమని చెప్పి పంపేశాడు.

ఆదివారం పొద్దునకల్లా బెల్టు వేశాడు. పదకొండు గంటలకి, వీరవేణి వంటింట్లో పులుసు పెడుతుండగా, ఇంటి ముందు గదిలో బాక్సుల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకోవడమంటే అతనికి అసహ్యం. పాటంటే పది వీధులకి వినపడాలి గానీ చెవికి గిన్నె బోర్లించుకుని దొంగతిండి తిన్నట్టు వినడమేమిటి. అయిదు నిమిషాలు విని, రెండు వైపులా వస్తోందని చూసి, ఆపేద్దామనుకున్నాడు. ముల్లు దించాడు.

ముందు ఏమీ లేదు. అంతర్వేదిలో గోదారి సముద్రంలో కలిసేచోట వినపడే హోరులాంటిది ఒకటి. రెండు నిమిషాలు అదే. అనుకున్నదే అయిందని తిట్టుకున్నాడు. తరవాత చర్చిలో వాయించే పెట్టెలాంటిది మొదలైంది, గొణుగుతున్నట్టు. ఆవలించాడు. వీధిలో ఈ పాట పెడితే జనం తన బాక్సులకి నిప్పంటిస్తారనుకున్నాడు. చెయ్యి ముల్లు వైపు సాగింది.

అప్పుడు ఎడమ చెవిలో డ్రమ్ము పేలింది.

నూకరాజు ఉలిక్కిపడి పక్కకి చూశాడు. ఎవరూ లేరు. కుడి చెవిలో గిటారు కత్తి దూసినట్టు లేచింది. డ్రమ్ము ఇటు నుంచి కొడుతోంది, గిటారు అటు నుంచి నరుకుతోంది. నూకరాజు మధ్యలో ఉన్నాడు. కొట్లాటలు అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు, ఎవడు ముందు చెయ్యెత్తాడో, ఎవడు భయపడి అరుస్తున్నాడో చీకట్లో కూడా చెప్పగలడు. ఇది కొట్లాటే. నిజమైన కొట్లాట. దెబ్బలు లెక్కపెట్టాడు. నాలుగు పడవలసిన చోట అయిదు పడుతున్నాయి. ఎవడో ఒకడు ప్రతిసారీ ఒక దెబ్బ ఎక్కువ కొడుతున్నాడు, అవతలివాడు పడిపోయాక కూడా కొడుతున్నాడు. ఒక గొంతు లేచి ఆపమని అరిచింది. భాష తెలియదు, కానీ ఆపమనే అరిచింది. వీళ్ళు ఆపలేదు. నూకరాజుకి తెలియకుండానే పిడికిళ్ళు బిగుసుకున్నాయి, మోకాలు ఎగురుతోంది, వీపంతా చెమట. తన జీవితంలో కొట్టిన ప్రతి దెబ్బా ఎవడో సీమదొర దొంగచాటుగా విని రికార్డు చేసినట్టుంది. చర్చి పెట్టె ఇప్పుడు గొణగడం లేదు, గర్జిస్తోంది, అది కూడా వచ్చి కొట్లాటలో దూకింది. ఇంత సేపు ఇంతమంది ఇంత కసిగా కొట్టుకోవడం అతను ఏ జాతరలోనూ వినలేదు.

ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి.

ఆగిపోయి, ఒక్క గొంతు మిగిలింది. ఒకే ఒక్కడు, చాలా మెల్లగా, ఎడమ చెవిలో మాత్రమే పాడుతున్నాడు. కుడి చెవి చచ్చిపోయింది.

"తెగింది, వెధవ వైరు," అని పళ్ళు కొరికి నూకరాజు కుడి చిప్ప మీద అరచేత్తో ఒకటిచ్చాడు. రాలేదు. ఇంకోటి గట్టిగా ఇచ్చాడు. అతనికి తెలిసిన మరమ్మతులో మొదటి మెట్టు అదే. రాలేదు. వైరు మెలిపెట్టి చూశాడు, పిన్ను ఊడదీసి పెట్టాడు. చివరికి హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టుకున్నాడు, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. గొంతు కుడి చెవిలోకి వచ్చింది. వైరు బాగానే ఉంది. చెవులు బాగానే ఉన్నాయి. పాటే అలా ఉంది.

మళ్ళీ తిన్నగా పెట్టుకుని, ఎడమ చిప్పని కొంచెం పైకి ఎత్తాడు. ఏమీ లేదు. ఇంట్లో పులుసు కుతకుతలాడటం వినపడింది. చిప్ప దించాడు. ఆ గొంతు అక్కడే ఉంది, పాడుతోంది, ఇందాకటి నుంచి పాడుతూనే ఉంది. ఎత్తాడు. లేదు. దించాడు. ఉంది. ఒంటి మీద అన్ని దెబ్బలూ తిన్నవాడు చివర్లో ఎవరికోసమో పాడుకుంటున్నట్టుంది ఆ పాట. ఎత్తితే లేదు.

స్టీరియో నాన్నా. అటొకటి ఇటొకటి వస్తాది. నువ్వొకసారి మధ్యలో నుంచుని...

ఇదన్నమాట వాడు ఆ రోజు చూపిద్దామనుకున్నది. తనని మధ్యలో నిలబెట్టి, ఇది వినిపిద్దామని ముడి విప్పాడు. తన నలభై ఏళ్ళ పనిలో తనకి తెలియనిదాన్ని పంతొమ్మిదేళ్ళ పిల్లాడు కనిపెట్టి, సంబరంతో వణుకుతూ చెప్పబోయాడు. దానికి తను ఏ చెవి మీద కొట్టాడు? ఈ గొంతు వినపడే ఎడమ చెవి మీదే. ఇప్పుడు తను వింటున్న దీన్ని, ఈ మధ్యలో నిలబడి వినే దీన్ని, ఇక వాడెప్పటికీ వినలేడు. ఒక చెవి ఉంది కదా అని మూడేళ్ళు రంకెలు వేశాడు. సగం లేదు వాడికి. పాటలో సగం చచ్చిపోయింది, చంపింది తను, పైగా దాని మీద నూనె కాచి పోశాడు.

పాట మళ్ళీ కొట్లాటలో పడింది గానీ అతను వినలేదు. ఏడుపు వచ్చింది, ఏడవడం సరిగ్గా రాదు కాబట్టి దగ్గులా వచ్చింది. వీరవేణి గుమ్మంలోకి వచ్చి చూసి లోపలికి పోయింది.

రెండు గంటలకి బుజ్జిబాబు బండి ఆగింది. ఆదివారం షాపు సగం పూటే. గుమ్మం దగ్గర తండ్రి నిలబడి ఉన్నాడు.

"ఒరే, ఇలా రా. ఒకటి విను."

బుజ్జిబాబు ఎడమ పక్క ఇటు పెట్టి దాటిపోబోయాడు.

ఇక్కడ నూకరాజు మెల్లగా చెప్పుకోవలసింది. క్షమించమని అడగవలసింది. పొద్దుటి నుంచీ అనుకున్నది అదే. కానీ పుట్టి బుద్ధెరిగి ఎవరినీ ఏదీ మెల్లగా అడిగిన మనిషి కాదు, చేతికి తెలిసింది ఒక్కటే. కాలరు పట్టుకుని లాగాడు. చొక్కా గుండీలు రెండు తెగి గచ్చు మీద దొర్లాయి.

"వినమన్నానా!"

మూడేళ్ళుగా ఆగిందంతా బుజ్జిబాబు చేతుల్లోకి వచ్చింది. రెండు చేతులతో తండ్రి ఛాతీ మీద తోశాడు. నూకరాజు వెనక్కి వెళ్ళి గొట్టం మైకుల మీద పడ్డాడు, అవి గోడవార దబదబా కూలాయి. లేచి మళ్ళీ వచ్చి కొడుకు నడుం పట్టుకున్నాడు. ఇద్దరూ బాక్సులకి కొట్టుకుంటూ గదంతా తిరిగారు. బుజ్జిబాబు మోచేయి తండ్రి ముక్కు మీద పడింది, నెత్తురు చొక్కా మీద కారింది. విదిలించుకుని మూలనున్న మైకు స్టాండు చేతికి తీసుకున్నాడు, ఇనప అడుగు పైకి పెట్టి.

"ఓరి నా తల్లో! చంపుకోండి! ఇద్దరూ చచ్చి ఊరుకోండి!" వీరవేణి గరిటెతోనే పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

మొదటి దెబ్బ నూకరాజు కుడి భుజం మీద పడింది. ఎముక చప్పుడు ముగ్గురికీ వినపడింది. ఆ చెయ్యి కిందకి వేలాడింది. రెండో దెబ్బ పక్కటెముకల మీద. నూకరాజు మోకాళ్ళ మీద కూలాడు. ఎడమ చెయ్యి బాగానే ఉంది, దానితో ఆ స్టాండుని పట్టుకుని లాక్కోగలడు, ఇలాంటివి ఎన్ని లాక్కోలేదు. ఎత్తలేదు. మూడోసారి స్టాండు నెత్తికి ఎదురుగా లేచింది.

"ఆ రోజు నువ్వు చేసింది తప్పు కాదురా," అన్నాడు నూకరాజు.

స్టాండు గాల్లో ఉంది.

"ఇందాక విన్నాను. అటొకటి ఇటొకటి వచ్చింది. నువ్వు చెప్పినట్టే వచ్చింది. నాకు తెలీదురా. నాకు తెలీక నీ చెవి తీసేసేను. కొడితే కొట్టు. ముందొకసారి అది విని కొట్టు."

బుజ్జిబాబు ఊపిరి బుసలా వస్తోంది. తరవాత స్టాండుని గోడకేసి విసిరికొట్టాడు. సున్నం రాలింది. స్టూలు మీద కూలబడి, హెడ్‌ఫోన్లు తీసి తలకి పెట్టుకున్నాడు. నూకరాజు మోకాళ్ళ మీదే పాకుతూ వెళ్ళి, ఎడం చేత్తో ముల్లు ఎత్తి కొట్లాట మొదలయ్యేచోట దించాడు.

నూకరాజు కొడుకు మొహమే చూస్తున్నాడు. వాడి దవడ బిగిసింది. తల ఊగింది. వేళ్ళు తొడ మీద గిటారు వేట్లు లెక్కపెట్టాయి, అయిదు, అయిదు. కనుబొమలు పైకి లేచాయి. ఆ మొహం మీద మూడేళ్ళ కిందటి సంబరం ఒక్క నిమిషం అలా వచ్చి నిలబడింది. అంతలో ఆగిపోయింది. వేళ్ళు ఆగిపోయాయి. వాడు రికార్డు వైపు చూశాడు. అది తిరుగుతూనే ఉంది. తండ్రి వైపు చూశాడు.

నూకరాజు తల దించుకున్నాడు.

బుజ్జిబాబుకి అర్థమైంది, పాట ఎడమ వైపుకి పోయింది. వైర్లు కలిపి పెరిగినవాడు కదా, వాడు చిప్ప మీద కొట్టి చూడలేదు. హెడ్‌ఫోన్లు తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. మోకాలికేసి బలంగా నొక్కాడు. ఇనప బద్దీ టప్పున రెండుగా విరిగింది. చిప్పలు రెండూ వాటి వాటి వైర్లకి వేలాడాయి. ఇంజనీరుగారి వస్తువు, సాయంత్రం ఆయన వస్తాడు. ఇంట్లో వస్తువు విరిగితే లేచే నూకరాజు చెయ్యి భుజం నుంచి కదలక వేలాడుతోంది. కదిలినా ఈసారి లేచేది కాదు.

బుజ్జిబాబు కుడి చిప్ప తన కుడి చెవికి ఆనించుకున్నాడు. ఎడమ చిప్ప తండ్రి మీదకి విసిరాడు. అది వెళ్ళి అతని ముక్కు నెత్తురులో తగిలింది.

"పెట్టుకో," అన్నాడు. మూడేళ్ళ తరవాత మొదటి మాట. "అటేం వస్తందో చెప్పు."

నూకరాజు దాన్ని ఎడం చేత్తో చెవికి నొక్కుకున్నాడు. ఆ గొంతు పాడుతోంది. ఎలా చెప్పాలో అతనికి తెలియదు. పాట గురించి జీవితంలో ఎక్కువ, తక్కువ అనే రెండు మాటలే వాడిన మనిషి.

"ఒకడు పాడతన్నాడురా," అన్నాడు. "ఒక్కడే."

"ఎలాగ?"

"మెల్లిగా. దెబ్బలు తిని... దెబ్బలు తిని, కొట్టినోడి ఇంట్లోనే ఉండిపోయినోడిలాగ."

గుమ్మంలో వీరవేణి గరిటె కింద పెట్టి, అక్కడే చతికిలబడింది. నూకరాజు చెబుతూ పోయాడు. గొంతు పైకెళ్తోందన్నాడు, ఇప్పుడు దించాడన్నాడు, వెనకాల ఎవరో పిల్లనగ్రోవి లాంటిది వాయిస్తున్నారన్నాడు. మాట దొరకనిచోట తనే కూనిరాగం తీశాడు, ఆ పగిలిన గొంతుతో, నెత్తురు మింగుతూ. కొడుకు కళ్ళు మూసుకుని విన్నాడు. భుజం నొప్పికి నూకరాజు కళ్ళముందు చీకట్లు కమ్ముతున్నాయి, అయినా ఆపలేదు.

అంతలో ఆ గొంతు తెగిపోయింది. నూకరాజు చిప్పని ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. ఎదురుగా బుజ్జిబాబు తల మళ్ళీ ఊగుతోంది, వేళ్ళు తొడ మీద ఆడుతున్నాయి. వాడి వైపు ఏదో పెద్దగా మొదలైంది. ఇటు వట్టి హోరు.

"నాకేం రావట్లేదురా," అన్నాడు నూకరాజు.

"అలాగే ఉంటాది," అన్నాడు బుజ్జిబాబు.